ఐరోపాలో సొంతిల్లు, అద్దె ఇల్లు: అంకెల వెనుక చరిత్ర

వ్యాససంగ్రహం

సొంత ఇళ్లలో నివసించేవారి శాతం ఐరోపాలో ఒక దేశానికీ మరొక దేశానికీ మధ్య రెట్టింపు తేడాతో కనిపిస్తుంది. ఈ తేడాను జాతిస్వభావంతోనో సంపదతోనో వివరించడం పరిపాటి. మొదటి ప్రపంచయుద్ధకాలపు అద్దె నియంత్రణ, రెండవ ప్రపంచయుద్ధానంతర పునర్నిర్మాణం, 1990 నాటి ప్రైవేటీకరణ అనే మూడు సందర్భాలలో ప్రభుత్వాలు ఇళ్ల భారాన్ని ఎవరిపై మోపాయి, ఇళ్లను ఎవరికి అప్పగించాయి అన్నదే దీనికి ప్రధాన మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సొంతిల్లు, అద్దె నియంత్రణ, గృహవిధానం, ప్రైవేటీకరణ, జర్మనీ, స్పెయిన్, రొమేనియా.

ప్రస్తావన

ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ యూరోస్టాట్ 2023 లెక్కల ప్రకారం రొమేనియా జనాభాలో 95 శాతానికి పైగా సొంత ఇళ్లలో ఉన్నారు. స్లొవేకియాలో 93, క్రొయేషియాలో 91, హంగరీలో 90 శాతం. సమాఖ్య సగటు 69. జర్మనీలో సగానికి తక్కువ, 47 శాతం పైచిలుకు మాత్రమే. సమాఖ్యలో సభ్యత్వం లేని స్విట్జర్లండ్‌లో ఇంకా తక్కువ. ఈ పట్టికను మొదటిసారి చూసినవారికి దానిని ఎవరో తలకిందులుగా ముద్రించారేమో అనిపించడం సహజం. తలసరి ఆదాయంలో ముందున్న దేశాలు ఇక్కడ అట్టడుగున ఉన్నాయి. పారిశ్రామిక ఐరోపాకు దశాబ్దాలుగా వలస కూలీలను పంపుతున్న దేశం అగ్రస్థానంలో ఉంది.

సంపదతో వివరణ కుదరదని పట్టికే చెబుతోంది. ఇక మిగిలింది స్వభావం. జర్మన్లకు అద్దె ఇల్లంటే చిన్నతనం లేదనీ, స్పెయిన్ ప్రజలకు సొంతిల్లు రక్తంలోనే ఉన్నదనీ పత్రికలు రాస్తుంటాయి. ఈ వివరణ చరిత్రముందు నిలవదు. 1950 నాటి స్పెయిన్‌లో సుమారు సగం కుటుంబాలు అద్దెకే ఉండేవి. మాడ్రిడ్, బార్సిలోనా నగరాలలో అత్యధికులు అద్దెదారులే. 1918లో ఇంగ్లండు, వేల్స్‌లలో నాలుగింట మూడువంతుల ఇళ్లు ప్రైవేటు యజమానుల అద్దె ఇళ్లు. రెండు మూడు తరాలలో తలకిందులయ్యేదానిని జాతిస్వభావమని పిలవడం కష్టం.

లెక్క దేనిని కొలుస్తుంది?

ముందుగా కొలబద్ద గురించి ఒక మాట. యూరోస్టాట్ ఇచ్చేది ఇళ్ల శాతం కాదు, ఇంటి యజమానుల శాతమూ కాదు. ఇంటివారిలో ఎవరో ఒకరికి యాజమాన్యం ఉన్న ఇంట్లో నివసించే జనాభా శాతం అది. తాతగారి పేరున ఉన్న రెండు గదుల ఫ్లాటులో మూడు తరాలవారు సర్దుకొని ఉంటే, అందరూ సొంతింటివారి లెక్కలోకే వస్తారు. రొమేనియా జనాభాలో సుమారు 40 శాతం మంది ఇరుకు ఇళ్లలో ఉన్నారని అదే సంస్థ చెబుతోంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

అప్పు సంగతి మరొకటి. నెదర్లాండ్స్‌లో సొంతింటివారు దాదాపు 70 శాతం. జనాభాలో పదిమందికి ఆరుగురు తనఖా రుణం ఉన్న ఇంట్లో ఉంటున్నారు. రొమేనియాలో తనఖా రుణం ఉన్న సొంతింటివారు జనాభాలో ఒకటి రెండు శాతానికి మించరు. ఒకరు ముప్పై ఏళ్ల వాయిదాలతో కొంటున్నారు. మరొకరికి ఇల్లు ఏదో ఒక సందర్భంలో చేతికి వచ్చింది. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తున్నాం. మన 2011 జనగణనలోనూ గ్రామీణ భారతంలో సొంతింటివారు 94.7 శాతం, పట్టణ భారతంలో 69.2 శాతం అని తేలింది. అందువల్ల పల్లెలు పట్నాలకన్నా సంపన్నమని ఎవరూ అనుకోలేదు.

1915: అద్దెలు స్తంభించిన వేళ

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా నగరం అద్దె నగరం. చిన్న పెట్టుబడిదారులు, దుకాణదారులు, వితంతువులు తమ పొదుపుతో ఇళ్లు కట్టించి లేదా కొని అద్దెకిచ్చేవారు. శ్రామికుల ఇళ్ల దుస్థితిపై 1872లో ఎంగెల్స్ రాసిన వ్యాసాలకు నేపథ్యం ఈ నగరమే. ఈ వ్యవస్థకు తొలి దెబ్బ యుద్ధంతో తగిలింది.

నౌకానిర్మాణ, ఆయుధ పరిశ్రమలకోసం వేలాది కార్మికులు గ్లాస్గో నగరానికి చేరడంతో అక్కడి యజమానులు అద్దెలు పెంచారు. గోవన్ పేటలో మేరీ బార్బర్ నాయకత్వాన స్త్రీలు అద్దె చెల్లించడం మానేశారు. ఖాళీ చేయించడానికి వచ్చిన అమీనాలను వీధిలోనే అడ్డుకున్నారు. 1915 నవంబరులో వేలమంది న్యాయస్థానం ముందు గుమికూడారు. డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటు అద్దెలను 1914 ఆగస్టు స్థాయివద్ద నిలిపివేసే చట్టం చేసింది. అదే చట్టం తనఖా రుణాల వడ్డీనీ కట్టడి చేసింది. ఇంటి యజమాని కూడా చాలావరకు అప్పు చేసినవాడేనన్న ఎరుక శాసనకర్తలకు ఉండటం గమనించదగినది. ఈ చట్టం నీడ మనదాకా వచ్చింది. 1918లో బొంబాయిలో యుద్ధకాల అద్దె చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1960లో చేసిన భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం ఆ ధోరణికి చెందినదే.

జర్మనీ 1917లో అద్దెదారుల రక్షణ ఉత్తర్వులు తెచ్చి, 1922, 1923లలో వాటిని చట్టాలుగా స్థిరపరచింది. స్పెయిన్ 1920లో అదే బాట పట్టింది. ఎక్కడైనా ఫలితం ఒక్కటే. అద్దె ఇల్లు కట్టడం లాభసాటి వ్యాపారంగా మిగలలేదు. అప్పటినుండి ప్రతి ప్రభుత్వం ముందూ ఉన్న ప్రశ్న, ప్రైవేటు యజమాని తప్పుకొన్న చోట ఇల్లు కట్టేదెవరు అన్నది. దారులు చీలింది ఇక్కడే.

వియన్నా ఇచ్చిన జవాబు ప్రసిద్ధం. ద్రవ్యోల్బణం స్తంభించిన అద్దెలను నామమాత్రం చేయగా, నగర ఆర్థికవ్యవహారాల అధిపతి హ్యూగో బ్రైట్నర్ 1923లో గృహనిర్మాణ పన్ను విధించాడు. ఇల్లు ఎంత విలాసవంతమైతే పన్ను అంత ఎక్కువ. 1934లో సాయుధ బలంతో సోషల్ డెమోక్రాట్లను గద్దె దించేనాటికి నగరం 60 వేలకు పైగా ఇళ్లు కట్టింది. వాటిలో కిలోమీటరుకు మించిన పొడవున్న కార్ల్ మార్క్స్ హోఫ్ మీద ఆ ఫిబ్రవరిలో ఫిరంగులు పేలాయి. నేటికీ ఆ నగరపాలక సంస్థ చేతిలో సుమారు 2 లక్షల 20 వేల ఇళ్లున్నాయి. ఆస్ట్రియాలో సొంతింటివారి శాతం సగం దాటి ఎంతో పైకి పోకపోవడానికి ఈ వారసత్వం ఒక ముఖ్య కారణం.

పశ్చిమ జర్మనీ: అద్దె ఇల్లు నిలబడిన తీరు

1945 నాటికి పశ్చిమ జర్మనీ భూభాగంలో దాదాపు ఐదో వంతు ఇళ్లు ధ్వంసమయ్యాయి. తూర్పునుండి వెళ్లగొట్టబడిన దాదాపు 80 లక్షల మంది 1950 నాటికి అక్కడ తలదాచుకుంటున్నారు. 1950 ఏప్రిల్ 24 నాటి మొదటి గృహనిర్మాణ చట్టం ఆరేళ్లలో 18 లక్షల ఇళ్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఈ చట్టంలో విశేషం సంఖ్యలో లేదు, పద్ధతిలో ఉంది. ప్రభుత్వం స్వయంగా ఇళ్ల యజమాని కాలేదు. పురపాలక సంస్థ గాని, సహకార సంఘం గాని, ప్రైవేటు వ్యక్తి గాని, ఇల్లు కట్టడానికి ముందుకొచ్చిన ఎవరికైనా చౌకగా అప్పు ఇచ్చింది. అప్పు తీరేవరకు అద్దె పరిమితికి కట్టుబడాలి, అర్హులకే ఇవ్వాలి. తీరిన తరువాత ఆ ఇల్లు మామూలు అద్దె ఇల్లే. అర్హతల పరిధి చాలా విశాలం. అందువల్ల ఆ ఇళ్లు పేదల వాడలుగా ముద్రపడలేదు. గుమాస్తా, ఉపాధ్యాయుడు, గని కార్మికుడు ఒకే మెట్ల దారిలో ఎదురుపడేవారు.

అద్దె నియంత్రణను సడలించడంలోనూ ఇదే నిదానం కనిపిస్తుంది. గృహమంత్రి పాల్ ల్యూక పేరుతో పిలిచే 1960 చట్టం, ఇళ్ల కొరత 3 శాతం కన్న తగ్గిన జిల్లాలలో మాత్రమే నియంత్రణ ఎత్తివేసింది. సడలింపు ధాటికి అద్దెదారులు తట్టుకోలేకపోయినప్పుడు 1971లో మరో చట్టం వచ్చి, అద్దె పెంచుకోవడానికని ఖాళీ చేయించడాన్ని నిషేధించింది. ఆ ప్రాంతంలో అటువంటి ఇళ్లకు ఉన్న అద్దెతో పోల్చి మాత్రమే పెంచవచ్చునన్న సూత్రం అప్పటిది. యజమానికి రాబడి ఉంది, అద్దెదారుకు స్థిరత్వం ఉంది. ఇద్దరూ నష్టపోని చోట ఇల్లు కొనవలసిన తొందర తగ్గుతుంది.

ఇందులో ఒక వైపరీత్యం ఉంది. నాటి పాలకపక్షమైన క్రైస్తవ ప్రజాస్వామ్యవాదుల ఆదర్శం తోటతో కూడిన సొంతిల్లు. 1956 నాటి రెండవ గృహనిర్మాణ చట్టం ఆ ఆదర్శాన్నే చాటింది. అయినా అద్దె వ్యవస్థ ఎంత చక్కగా నిలబడిందంటే వారి ఆదర్శం సగం దారిలోనే ఆగింది. సొంతింటివారికి తనఖా వడ్డీపై పన్ను రాయితీ లేదు. స్థిరాస్తి బదిలీ పన్ను కొన్ని రాష్ట్రాలలో 6.5 శాతం. బ్రిటన్ ఇందుకు భిన్నంగా నడిచింది. సొంతింటినుండి వచ్చే ఊహాత్మక అద్దెపై పన్నును 1963లో ఎత్తివేసి, వడ్డీపై రాయితీని 2000 వరకు ఏదో ఒక రూపంలో కొనసాగించింది.

ఈ తేడాను సిద్ధాంతీకరించినవారిలో జిమ్ కెమెనీ ముఖ్యుడు. లాభాపేక్షలేని అద్దె ఇళ్లను మార్కెట్‌తో పోటీపడనిచ్చిన దేశాలలో అద్దె జీవనం గౌరవప్రదంగా ఉంటుందనీ, వాటిని నిరుపేదలకే పరిమితం చేసిన దేశాలలో మిగతావారంతా సొంతింటివైపు నెట్టబడతారనీ ఆయన 1995 నాటి గ్రంథంలో వాదించాడు. జర్మనీ, బ్రిటన్‌ల పోలికకు ఈ వాదం చక్కగా సరిపోతుంది. స్పెయిన్‌కు సగం సరిపోతుంది. 1990 తరువాతి తూర్పు ఐరోపా దగ్గర మాత్రం చేతులెత్తేస్తుందని నా అభిప్రాయం.

స్పెయిన్: యజమానుల దేశాన్ని నిర్మించడం

స్పెయిన్‌లో అద్దె నియంత్రణ సడలలేదు, బిగుసుకుంది. ఫ్రాంకో ప్రభుత్వపు 1946 నాటి పట్టణ అద్దె చట్టం ఒప్పందాలను గడువు ముగిసినా పొడిగించుకునే హక్కును అద్దెదారులకు ఇచ్చింది; వారసులకూ ఆ హక్కు సంక్రమించేది. అద్దెలు నిలిచిపోగా ధరలు పరుగెత్తాయి. యజమానికి ఇల్లు భారమైంది. మరమ్మతు చేయించడు, ఖాళీ చేయించలేడు. మిగిలిన దారి ఇల్లు అమ్ముకోవడమే.

అమ్మకానికి చట్టపరమైన అడ్డంకి ఒకటుండేది. నేలతో సంబంధం లేకుండా ఒక అంతస్తులోని ఒక భాగానికి పూర్తి యాజమాన్యం ఎలా ఉంటుంది? న్యాయశాస్త్రానికి ఇది చిన్న చిక్కు కాదు. 1900లో అమలైన జర్మన్ పౌరస్మృతి దానికి చోటివ్వలేదు. ఫ్లాటు యాజమాన్యాన్ని అక్కడ 1951లో అనుమతించారు. స్విట్జర్లండ్ 1965 వరకు ఆగింది. ఫ్రాన్సు 1938లోనే చట్టం చేసింది. స్పెయిన్ 1960 జులైలో సమగ్రమైన చట్టం తెచ్చి, ఒక భవనాన్ని పదుల యజమానులకు పంచే దారిని సుగమం చేసింది. ఫ్లాట్ల నగరంలో సొంతింటి శాతాన్ని చర్చించేవారు ఈ సాంకేతిక వివరాన్ని దాటవేయడం తరచు కనిపించే లోపం.

దీని వెనుక రాజకీయోద్దేశం దాపరికం లేనిది. 1957లో ఏర్పడిన గృహమంత్రిత్వశాఖకు తొలి మంత్రి, ఫలాంహె పార్టీకి చెందిన హోసె లూయిస్ అరెసె, తమకు కావలసింది శ్రామికుల దేశం కాదు, యజమానుల దేశమని ప్రకటించాడు. అంతర్యుద్ధంలో ఓడిన పక్షం శ్రామికవాడలదే. వాయిదాలు కట్టవలసిన మనిషి సమ్మెకు దిగడానికి వెనకాడతాడన్న లెక్క అందులో ఉంది. ఆస్తిగల ప్రజాస్వామ్యం అన్న భావనను 1923లోనే స్కాటిష్ శాసనసభ్యుడు నోయెల్ స్కెల్టన్ ప్రతిపాదించాడు. 1980 గృహచట్టం ద్వారా మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్లను అద్దెదారులకు సగం ధర వరకు తగ్గించి అమ్మింది. ప్రజాస్వామ్యంలోనూ నియంతృత్వంలోనూ ఒకే ఆశ సొంతింటికి ముడిపడటం ఆలోచించదగినది.

స్పెయిన్‌లో సొంతింటివారు శతాబ్దాంతానికి 80 శాతం దాటారు. 2008 తరువాత ఆ యాజమాన్యానికి ఉన్న రెండో ముఖం బయటపడింది. అక్కడి చట్టం ప్రకారం ఇల్లు జప్తయి వేలం వేసినా మిగిలిన బాకీ పోదు, మనిషిని వెంటాడుతుంది. 2009లో బార్సిలోనాలో తనఖా బాధితుల వేదిక పుట్టింది. 2013 మార్చి 14న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, తనఖా ఒప్పందంలోని అన్యాయమైన షరతులను ప్రశ్నించే అవకాశం ఇవ్వకుండా ఖాళీ చేయించే స్పెయిన్ విధానం వినియోగదారుల రక్షణ నిబంధనలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే కాలంలో ఒక జర్మన్ అద్దెదారుకు ఖాళీ చేయింపు నుండి ఉన్న రక్షణ, స్పెయిన్ ఇంటి యజమానికి లేదు.

1990: ఒకే వారసత్వం, రెండు దారులు

సామ్యవాద గతం ఉన్న దేశాలలో సొంతింటివారు అధికమన్న మాటకు ఒక పెద్ద మినహాయింపు ఉంది. పూర్వపు తూర్పు జర్మనీలో నేటికీ సొంతింటివారి శాతం పశ్చిమ జర్మనీకన్నా తక్కువ. బుకారెస్ట్‌లోనూ లైప్‌జిగ్‌లోనూ కనిపించేది ఒకే తరహా కాంక్రీటు పలకల భవంతులు. తేడా వచ్చింది 1990లో.

రొమేనియా విషయానికొస్తే, పల్లెల్లో ఇల్లు ఎప్పుడూ సొంతమే. ప్రభుత్వం చేతిలో ఉన్నది మొత్తం ఇళ్లలో మూడో వంతు, అదీ ముఖ్యంగా పట్టణాలలో. చౌషెస్కు పతనమైన ఏడు వారాలకు, 1990 ఫిబ్రవరి 7న, ప్రభుత్వ నిధులతో కట్టిన ఇళ్లను అందులో ఉన్నవారికే అమ్మే ఉత్తర్వు వెలువడింది. ధర స్థిరం, వాయిదాల సౌకర్యం ఉంది. 1993లో ద్రవ్యోల్బణం 250 శాతం దాటేసరికి ఆ వాయిదాలు నామమాత్రమయ్యాయి. కొత్త ప్రభుత్వానికి చౌకగా దొరికిన జనామోదం ఇది. ఫ్యాక్టరీలు మూతపడి, పింఛన్ల విలువ కరిగిపోతున్న రోజులలో ప్రజల చేతికి ఇవ్వడానికి రాజ్యం దగ్గర మరేమీ లేదు. లిథువేనియా, ఎస్తోనియాలు ఇదే పనిని వోచర్ల ద్వారా చేశాయి.

ఈ దానానికి మరో చెంప ఉంది. 1950 నాటి 92వ నంబరు ఉత్తర్వుతో జాతీయం చేసిన పాత ఇళ్లలో ఉంటున్న అద్దెదారులు 1995 చట్టం కింద వాటిని కొనుక్కోగలిగారు. అసలు యజమానులు, వారి వారసులు కోర్టులకెక్కారు. 1999 అక్టోబరు 28న బ్రుమరెస్కు కేసులో స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల న్యాయస్థానం రొమేనియాను తప్పుపట్టింది. 2001లో కొత్త చట్టం వచ్చినా వ్యాజ్యాలు తీరక, 2010లో అదే న్యాయస్థానం వ్యవస్థనే సరిచేయమని ఆదేశించవలసి వచ్చింది. 95 శాతం అన్న నున్నని అంకెలో ఈ వివాదాలేవీ కనిపించవు.

తూర్పు జర్మనీలో క్రమం తిరగబడింది. 1990 జూన్ 15న రెండు జర్మన్ ప్రభుత్వాలు సంయుక్త ప్రకటన చేస్తూ, పరిహారం కన్నా ఆస్తి తిరిగి అప్పగించడానికే ప్రాధాన్యం అన్న సూత్రాన్ని అంగీకరించాయి. దానితో పాత నగరభాగాలలోని ఎన్నో ఇళ్లు పశ్చిమాన ఉన్న వారసులకు చేరాయి. ప్రభుత్వం కట్టిన భవంతులు పునరేకీకరణ ఒప్పందం ద్వారా పురపాలక సంస్థలకు దక్కాయి. సామ్యవాద కాలపు లెక్కల పుస్తకాలలోని నిర్మాణ రుణం కూడా ఇళ్లతోపాటే వారికి సంక్రమించింది. 1993 చట్టం ఆ రుణాన్ని చదరపు మీటరుకు 150 మార్కులకు తగ్గించి, బదులుగా 15 శాతం ఇళ్లను ముఖ్యంగా అద్దెదారులకే అమ్మాలని షరతు పెట్టింది. కొనేవారు రాలేదు. ఉద్యోగాలు పోయాయి, యువత పశ్చిమానికి వెళ్లింది, పశ్చిమంనుండి వచ్చిన అద్దె చట్టం ఉన్నచోటే భద్రంగా ఉండనిచ్చింది. కొనడంలో అర్థమేముంది? శతాబ్దాంతానికి తూర్పున సుమారు పది లక్షల ఇళ్లు ఖాళీగా పడి ఉండగా, 2002నుండి ప్రభుత్వ నిధులతోనే కూల్చివేత మొదలైంది.

ఒకే వారసత్వం కలిగిన రెండు సమాజాలలో ఒకదానికి ఇల్లు పింఛను బదులు దక్కిన ఆస్తి. మరొకదానికి అది అద్దె చీటీతో పాటు వచ్చిన హక్కు. జనాల అభిరుచి ఇక్కడ కారణం కాదు. రొమేనియన్ ప్రభుత్వానికి పంచడానికి ఇళ్లు తప్ప లేవు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు జర్మన్లకు పశ్చిమపు పింఛను, నిరుద్యోగ భృతి, బలమైన మార్కు దొరికాయి. సొంతింటికీ సాంఘిక సంక్షేమానికీ మధ్య ఉన్న ఈ బేరాన్ని కెమెనీ 1980లలోనే గుర్తించాడు కాని, అది ఇంత నగ్నంగా కనిపించే సందర్భం ఆయనకు అప్పటికి దొరకలేదు.

అంకెల రాజకీయం

2013 ఏప్రిల్‌లో ఐరోపా కేంద్రబ్యాంకు కుటుంబాల ఆస్తుల సర్వే ప్రచురించింది. దాని ప్రకారం మధ్యస్థ జర్మన్ కుటుంబపు నికర ఆస్తి 51,400 యూరోలు, స్పెయిన్‌ది 1,82,700, గ్రీసుది 1,01,900. అప్పుల సంక్షోభంలో ఉన్న దక్షిణాది దేశాలకు జర్మనీ హామీ నిలుస్తున్న రోజులవి. పేదలు ధనికులను పోషిస్తున్నారన్న కేక జర్మన్ పత్రికలలో వినిపించింది. ఆస్తిలో అత్యధిక భాగం ఇల్లే కాబట్టి, ఇల్లు కొనని దేశం ఆస్తి లేని దేశంగా కనిపించింది. స్పెయిన్ వివరాలు ధరలు ఇంకా పూర్తిగా కూలని 2008–09 నాటివి. జర్మన్ పౌరుడి పింఛను హక్కు, అతని అద్దె భద్రత ఆ లెక్కలోకి రాలేదు.

ఆ అద్దె భద్రతకు విలువ కట్టడం అసాధ్యమేమీ కాదు. 1993 మే 26న జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం, అద్దె ఇంటిపై అద్దెదారుకున్న స్వాధీనహక్కు సైతం రాజ్యాంగం 14వ అధికరణం రక్షించే ఆస్తియేనని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును నిజంగా నమ్మితే, జర్మనీలో సొంతిల్లు లేనివారని మనం లెక్కించే సగం జనాభాకు ఒక రకమైన ఆస్తి ఉన్నట్లే.

అయితే ఆ ఆస్తి ఎంత గట్టిదన్నది యజమాని ఎవరన్నదానిపై ఆధారపడుతుందని తరువాతి సంవత్సరాలు చూపాయి. బెర్లిన్ నగరం 2004లో తన గృహసంస్థల్లో ఒకదానిని సుమారు 65 వేల ఇళ్లతో సహా 40 కోట్ల యూరోలకు పెట్టుబడి సంస్థలకు అమ్మింది. డ్రెస్డెన్ 2006లో తన ఇళ్లన్నిటినీ, సుమారు 48 వేలు, ఒక అమెరికన్ సంస్థకు అమ్మి నగరపు అప్పు తీర్చుకుంది. బుకారెస్ట్ అద్దెదారుకు అమ్మినదానిని జర్మన్ నగరాలు పదిహేనేళ్ల తరువాత స్టాక్ మార్కెట్‌కు అమ్మాయి. 2021 సెప్టెంబరు 26న బెర్లిన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, మూడువేలకు పైగా ఇళ్లున్న సంస్థల ఆస్తిని సమాజపరం చేయాలన్న ప్రతిపాదనకు 57 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. రాజ్యాంగం 15వ అధికరణం కింద అది సాధ్యమేనని నగరం నియమించిన నిపుణుల సంఘం 2023లో నివేదించింది. ఆ ఓటర్లలో అత్యధికులు అద్దెదారులు. వారు కోరినది ఇల్లు తమ పేరున రాయమని కాదు, తమ ఇంటికి యజమానిగా నగరమే ఉండాలని.